తొంభై అయిదు దగ్గర ఎరుపు

మా నాన్న దేవానందం ముందు ఎవరైనా "తీసేసి కొత్తది పెడితే పోలా?" అన్నారంటే ఆయనకు ఒంటికి కారం రాసినట్టుండేది. రాణీగంజ్‌లో మా సందులో అటూ ఇటూ ఉన్నవన్నీ కొత్త సామాన్ల దుకాణాలే. పంపులు, బేరింగులు, బెల్టులు, లారీ మీటర్లు. మధ్యలో మాది ఒక్కటే పాతవాటిని బాగుచేసే కొట్టు. ఎండకు వెలిసిపోయినవీ, అద్దం మసకబారినవీ, ముల్లు ఇరుక్కుపోయినవీ, ఇలా లారీల నుంచి, జనరేటర్ల నుంచి, పాత జీపుల నుంచి ఊడదీసిన గుండ్రటి మీటర్లన్నీ మా బల్ల మీదికి చేరతాయి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ అని నాన్న వచ్చినవాళ్ళందరికీ విసుగు లేకుండా చెప్పేవాడు. అలా చెప్పి పక్క దుకాణాల బేరాలు కూడా చెడగొట్టిన ఘనత ఆయనది.

అలాంటి మనిషి నోట "కొత్తది వేసెయ్" అనే మాట నేను ఒక్కసారే విన్నాను. మొన్నటి ఎండాకాలంలో. ఆ ఒక్క మాటకు మా ఇంట్లో నెలరోజులు మాటామంతీ లేకుండా గడిచాయి.

ఏప్రిల్ రెండో వారంలో మధుసూదన్ గారని ఒక పెద్దమనిషి కొట్టుకు వచ్చారు. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్న ఒక చిన్న బోట్ క్లబ్బుకు ఆయన సెక్రటరీ. వాళ్ళ దగ్గర పాతకాలం చెక్క లాంచీ ఒకటుంది. తెరచాప పడవలు నేర్చుకునే పిల్లలు నీళ్ళ మధ్యలో ఇబ్బంది పడితే అది వెళ్ళి లాక్కొస్తుంది. దాని ముందు పలక మీద అయిదు మీటర్లు, అయిదూ వెలిసిపోయాయి. డిజిటల్ ప్యానెల్ పెట్టిద్దామంటే పాత మెంబర్లు ససేమిరా అంటున్నారట. పైగా ఆ సైజులో కొత్త మీటర్లు దొరకవు, టేకు పలకకు మళ్ళీ కంతలు కొయ్యాలి. వానాకాలం సీజను మొదలయ్యేలోగా చేసిస్తారా అని అడిగారు. నాన్న ముఖం వెలిగిపోయింది. పడవ పని మాకు వచ్చేది అరుదు.

మర్నాడు ఆ అయిదు మీటర్లనూ ఒక తుండుగుడ్డలో మూటగట్టి తెచ్చినవాడు తిరుమల్. యాభై అయిదేళ్ళుంటాయి. పదకొండేళ్ళుగా ఆ లాంచీ నడిపిన డ్రైవరు. ఇప్పుడు మాత్రం క్లబ్బు గేటు దగ్గర కూర్చోబెట్టారు. కారణం అతనే చెప్పాడు. మార్చి నెలాఖరున ఒక సాయంత్రం గాలి లేచింది. నాలుగు చిన్న పడవలను వరసగా తాడు కట్టి ఒడ్డుకు లాగుతుంటే లాంచీ ఇంజిన్ కాలిపోయి బిగుసుకుపోయింది. ఎండలకు నీళ్ళు తగ్గి, గుర్రపు డెక్క వేళ్ళు పోయి నీళ్ళు లాగే గొట్టానికి అడ్డం పడ్డాయి. పిల్లలకేం కాలేదు. కానీ ఇంజిన్ వేడెక్కుతుంటే మీటరు చూడకుండా తోలాడని క్లబ్బు వాళ్ళు విచారణ పెట్టారు. జూన్ మొదటి శనివారం కమిటీ కూర్చుంటుంది. తప్పు తిరుమల్‌దే అని తేలితే ఉద్యోగం పోతుంది. సాగర్ మీద ఇంకే పడవా అతని చేతికివ్వరు.

"చూడలేదంటున్నరు మేడం. నేను చూసిన. ముల్లు ఎర్రకు జెర ఇవతలనే ఉండె," అన్నాడు.

వేడి చూపించే మీటరు తీసి చూశాను. ఎరుపన్నది మచ్చుకైనా లేదు. అంకెలే లేత బూడిద రంగులో ఉన్నాయో లేవో అన్నట్టున్నాయి. ఎర్ర రంగు ఎక్కడుందని అడిగాను.

"రంగు ఎండకు పోయింది. ఐదారేండ్లాయె. గని జాగ నాకు ఎరుకే గదా. నూట అయిదు కాడ షురూ అయితుండె. ఆ దినం ముల్లు నూరు మీద ఉండె. ఒడ్డు దాకా పోతా అనుకున్న," అన్నాడు. కమిటీ వాళ్ళకు ముందే ఈ మాట చెప్పానని, లేని ఎరుపు చూశానంటాడేంటని వాళ్ళు నవ్వారని చెప్పాడు. చెప్తున్నప్పుడు అతని గొంతులో కోపం లేదు, అలసట ఉంది. నిజం చెప్పాలంటే నేనూ అతన్ని నమ్మలేదు. ఉద్యోగం పోతుందంటే మనిషి ఏదో ఒకటి చెబుతాడులే అనుకున్నాను.

మా కొట్టులో పని రెండు వాటాలు. మీటరు లోపల ఉండేదంతా నాన్నది, స్ప్రింగులు, ముల్లు, గొట్టం. పైన కనిపించే ముఖం నాది, అంకెలు, గీతలు, రంగులు. నేను కొట్టుకు వచ్చింది ఎనిమిదేళ్ళ కిందట, నాన్న కళ్ళకు ఆపరేషన్ అయ్యాక. అంతకుముందు రెండూ ఆయనే చేసేవాడు. ఒక పద్ధతి ఆయన దగ్గర మొదటి రోజే నేర్చుకున్నాను. పాత రంగు గీకేముందు, దాని మీద పల్చటి కాగితం పరిచి, ఉన్నదున్నట్టు పెన్సిలుతో దించుకోవాలి. కళ్ళకు కనిపించని గీత కూడా పక్క నుంచి వెలుతురు కొడితే కనిపిస్తుంది. రంగు చచ్చిపోయినా దాని మందం చావదు.

వేడి మీటరుకు చుట్టూ ఉన్న ఇత్తడి రింగు విప్పి, అద్దం తీసి, సెల్‌ఫోను లైటు పక్కగా పట్టుకున్నాను. నూట అయిదు దగ్గర మొదలై చివరిదాకా, వెంట్రుక మందాన ఒక పట్టీ అంచు కనిపించింది. ఎరుపులో ఎండకు ఓర్చుకునే గుణం తక్కువ. అన్ని రంగులకంటే ముందు అదే పోతుంది. తిరుమల్ చెప్పిన చోటే, గీత తేడా లేకుండా. ఒక్క క్షణం ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ మనిషి అబద్ధం ఆడలేదు.

కాగితం మీద దించుకుని, దూదికి స్పిరిట్ అద్ది ఆ పట్టీని మెల్లగా తుడిచాను. దాని కింద పాత రంగు పొర ఇంకొకటి ఉంది. అదీ లేచొచ్చింది. అప్పుడు రేకు మీద, కంపెనీవాడు రంగు వేసేముందు పదునైన పనిముట్టుతో కొట్టిన సన్నటి గీత బయటపడింది. అది నూట అయిదు దగ్గర లేదు. తొంభై అయిదు దగ్గర ఉంది.

చెరువు నీళ్ళతో చల్లబడే ఇంజిన్‌కు తొంభై అయిదు దాటితే ప్రమాదం. మధ్యలో ఎవరో ఈ మీటరు బాగుచేసి, ఎరుపును పది డిగ్రీలు పైకి జరిపారు. ఎవడో కళ్ళు లేని వెధవ అని పైకే తిట్టాను. ఆ వెధవ ఎవడో చూద్దామని రేకు వెనక్కి తిప్పాను. బాగుచేసిన ప్రతి డయలు వెనకా సూదితో పొడి అక్షరం, నెల, సంవత్సరం గీకడం మా కొట్టు అలవాటు. గడియారాలవాళ్ళ దగ్గర నాన్న నేర్చుకున్న అలవాటు అది. అక్కడ 'దే' అని ఉంది. పదకొండేళ్ళ కిందటి మే నెల.

గోడకు మేకున లారీ మీటర్ల స్టెన్సిల్, రంగు వేయడానికి కంతలు కోసిన రేకు, వేలాడుతోంది. లారీ రేడియేటర్‌కు నూట అయిదు దాకా పరవాలేదు కాబట్టి దాని ఎరుపు అక్కడ మొదలవుతుంది. తీసి డయలు మీద పెట్టాను. చేతికి గాజు తొడిగినట్టు సరిపోయింది.

నాన్న టీ తాగి వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. వచ్చాక ఏమీ చెప్పకుండా డయలూ, స్టెన్సిలూ, భూతద్దమూ ఆయన ముందు పెట్టాను. ముందూ వెనకా చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఐజాక్ తెచ్చాడిది," అన్నాడు. ఐజాక్ ఇంజిన్ మెకానిక్, మా చర్చికే వచ్చేవాడు, చనిపోయి ఆరేళ్ళయింది. "లారీవి పది తెచ్చాడు. వాటిలో కలిసి ఇది కూడా వచ్చింది. పడవదని చెప్పే ఉంటాడు."

ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. ఆయన లేచి ఫ్యాను స్విచ్ వేసి, అటు తిరిగే అన్నాడు.

"ఈ ఒక్కదానికి కొత్త డయలు వేసెయ్ ఎలీనా. మిగతా నాలుగూ బాగుచేసి ఇచ్చేద్దాం."

కొత్త డయలు వేస్తే పాతది తుక్కులోకి పోతుంది. అది తుక్కులోకి పోతే తిరుమల్ చూసిన ఎరుపుకు నేను దించుకున్న కాగితం ఒక్కటే మిగులుతుంది, ఉత్త కాగితాన్ని ఎవరూ నమ్మరు. ఆ సంగతి నాకు తెలిసినంత బాగా నాన్నకూ తెలుసు. తిరుమల్ సంగతేంటని అడిగాను. ఇన్నేళ్ళ డ్రైవరుకు ఎంత వేడి దాటితే ఆపాలో తెలియకపోతే ఎలా అన్నాడు.

"ఎరుపు గీసేది ఎవరికోసం నాన్నా, తెలిసినవాడి కోసమా?" అన్నాను.

ఆయన స్టెన్సిల్ తీసి మళ్ళీ మేకుకు తగిలించాడు. ఆ రోజు స్కూటరు మీద నేరేడ్‌మెట్‌లో మా ఇంటి దాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

నాన్న మీద నాకు కోపం వచ్చిందని చెప్పడం చిన్న మాట. ఎంత కోపమో అంత జాలి కూడా. నలభై ఏళ్ళుగా ఆ సందులో "దేవానందం గీత పెడితే గీతే" అన్న మాట ఒకటుంది. చర్చిలో నలుగురు ఆయన్ని పెద్దమనిషని పిలిచి కుర్చీ వేస్తారు. ఆ పేరు తప్ప ఆయన సంపాదించిందేమీ లేదు. ఒక మధ్యాహ్నం నేనే ఆ డయలు తీసి తుక్కు డబ్బాలో వేశాను. పావుగంట కాలేదు, మళ్ళీ చెయ్యి పెట్టి వెతికి తీసుకున్నాను. తీసి కడిగి, బల్ల మధ్యలో, ఆయన కూర్చోగానే కనిపించేలా ఒక గాజు పళ్ళెం కింద పెట్టాను. దాచిపెడితే కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లుల్లో మేమిద్దరమూ చేరినట్టే.

కొత్త డయలు తెప్పించనని ఆయనకు తేల్చి చెప్పేశాను. ఇదే డయలు బాగుచేస్తాను, తొంభై అయిదు దగ్గర ఎరుపు పెడతాను, దించుకున్న కాగితం పట్టుకుని శనివారం విచారణకు వెళతాను, మీరు వచ్చినా రాకపోయినా వెళతాను అన్నాను. నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఆయన ఒక్కసారి గొణిగి ఊరుకున్నాడు. ఆ గుణం నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయన్నే అడగాల్సింది.

ఇంట్లో అన్నం ముందు ప్రార్థన నాన్నే చేస్తాడు. పొలాలు, వర్షాలు, ఆస్పత్రిలో ఉన్నవాళ్ళు, పరీక్షలు రాసే పిల్లలు, అందరినీ తలుచుకునేసరికి కూర చల్లారిపోయేది. ఆ రోజుల్లో మాత్రం రెండు ముక్కల్లో ముగించి ముద్ద కలుపుకునేవాడు. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మా అమ్మ మేబెల్‌కు ఏదో జరిగిందని పట్టడానికి ఆ మాత్రం చాలు. వంటింట్లో నన్ను నిలబెట్టి అడిగింది. చెప్పాను. అంతా విని, చేతిలోని గిన్నె తుడిచి బోర్లించింది.

"ఆయన్ని నువ్వు తొయ్యకు. నీ పని మాత్రం ఆపకు," అంది.

ఆపలేదు. మే నెలంతా మిగిలిన నాలుగు మీటర్ల మీద కూర్చున్నాను. ఆయిలు మీటరులో పచ్చటి చిలుము, దాన్ని పుల్లతో గీకడానికే నాలుగు రోజులు. కరెంటు మీటరు అంకెలు సగం సగం ఉన్నాయి, ఉన్న సగాన్ని బట్టి లేని సగం రాశాను. కంపెనీవాడి ఏడుకు తోక కొంచెం వంకర, ఆ వంకర కూడా పోనివ్వలేదు. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది, ఫ్యాను వేస్తే రంగు మీద దుమ్ము పడుతుందని ఆర్పేసి చెమటలు కక్కుతూ రాశాను. నాన్న తన వాటా పని తను చేశాడు. ముళ్ళు సరిచేసి, స్ప్రింగులు తుడిచి, ఒక్కొక్కటే నా వైపు జరిపేవాడు. గాజు పళ్ళెం వైపు మాత్రం చూసేవాడు కాదు.

విచారణ ఇంకా రెండు రోజులుందనగా, గురువారం, నేను రింగులకు మెరుగు పెట్టించుకుని రావడానికి బయటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కొట్టులో స్టవ్వు వెలుగుతోంది. గిన్నెలో నూనె కాగుతోంది, అందులో థర్మామీటరు, పక్కనే పడవ వేడి మీటరు గొట్టం కొస ముంచి ఉంది. డయలు పళ్ళెం కింద లేదు, మీటరులో బిగించి ఉంది. నాన్న కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ముల్లునే చూస్తున్నాడు. నన్ను చూసి రాసుకో అన్నట్టు చెయ్యి ఊపాడు. ఎనభై దగ్గర ఎనభై. తొంభై దగ్గర తొంభై. నూరు దగ్గర నూరు.

"ముల్లు సరిగ్గానే చెప్పింది," అన్నాడు. స్టవ్వు ఆర్పుతూ, "నా గీతే తప్పు చెప్పింది," అన్నాడు.

ఆయన డయలు విప్పి నా ముందు పెట్టి, తొంభై అయిదు దగ్గర ఎరుపు పెట్టమన్నాడు. పెడుతున్నంతసేపూ పక్కన నిలబడ్డాడు. ఎండకు ఆగే ఎరుపు ఏదైనా దొరుకుతుందా అని అడిగాడు. దాని మీద వార్నిష్ రెండు పూతలు వేస్తానన్నాను. మూడు వెయ్యమన్నాడు. తర్వాత విచారణ ఎన్ని గంటలకో కనుక్కోమన్నాడు.

శనివారం పదకొండింటికి క్లబ్బులో ఒక పొడుగు బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో మధుసూదన్ గారు. తిరుమల్ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. మీటర్లు ఇవ్వడానికి వచ్చారనుకుని మమ్మల్ని బయట కూర్చోమన్నారు. నాన్న కూర్చోలేదు. లోపలికి వెళ్ళి బల్ల మీద లారీ స్టెన్సిల్ పరిచాడు, నేను దించిన కాగితం దాని మీద పెట్టాడు, డయలు తిరగేసి వెనక గీకిన అక్షరం చూపించాడు. పదకొండేళ్ళ కిందట ఈ మీటరుకు ఎరుపు గీసింది నేనే, గీయకూడని చోట గీశాను, ఇతను ఆ ఎరుపును నమ్మి నడిపాడు అని చెప్పాడు. కాగితం చదువుతున్నట్టు గొంతు ఎక్కడా హెచ్చించకుండా చెప్పాడు.

ముగ్గురూ కాగితం ఎత్తి వెలుతురుకు పట్టుకుని చూశారు. ఒకాయన భూతద్దం అడిగి తీసుకున్నాడు. మధుసూదన్ గారు కాస్త ఇబ్బందిగా కదిలారు.

"మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు కదండీ," అన్నారు.

"మీకు తెలిసేది కాదు," అన్నాడు నాన్న. "ఇతనికి తెలుసు."

తిరుమల్ తప్పు లేదని గంటలో తేల్చేశారు. ఇంజిన్ రిపేరు అయిపోగానే లాంచీ అతని చేతికే ఇస్తామన్నారు. బయటికొచ్చాక నాన్న తిరుమల్ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపి, క్షమించమన్నాడు. తిరుమల్ ఆ చెయ్యి అందుకోలేదు.

"పదకొండేండ్లు నీ గీతను నమ్మిన సార్," అన్నాడు. "ఇంజిన్ పోతే పోయింది, మళ్ల చేస్తరు. రెండు నెలల సంది నా మాట ఎవ్వరు నమ్ముతలేరు. ఇంట్ల నా కొడుకే అడిగిండు, నిజంగ చూసినవా నాయినా అని."

అని గేటు వైపు వెళ్ళిపోయాడు. నాన్న చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కొంచెం సేపు పట్టింది. ఆయన తిరుమల్ మీద కోపగించుకోలేదు. దారిలో ఒకటే మాట అన్నాడు, అతను అన్నది న్యాయం అని.

సంగతి మా సందులో సోమవారానికల్లా పాకింది. మాకు ఎప్పటినుంచో పని ఇచ్చే ఇద్దరు లారీల వాళ్ళు మీటర్లు పట్టుకెళ్ళి పక్క దుకాణంలో కొత్తవి కొనుక్కున్నారు. నాన్న ఆ రోజంతా స్టెన్సిళ్ళన్నీ దించి, దేనికి ఏది అన్నది ఒక్కొక్కదాని మీద నాచేత పెద్దక్షరాలతో రాయించాడు. ఆ వారం నుంచి ఇంకో మార్పు కూడా వచ్చింది. ఏ మీటరైనా కాగితంలో చుట్టేముందు నా వైపు జరిపి "నువ్వు చూశావా?" అని అడుగుతాడు. ఎనిమిదేళ్ళుగా ఆయన చూసినదాన్ని నేను చుట్టేదాన్ని. ఇంట్లో ప్రార్థన మళ్ళీ పొడుగైంది. అందులో తిరుమల్ పేరు కూడా వచ్చింది. అమ్మ కళ్ళు మూసుకునే చిన్నగా తలాడించడం నేను చూశాను.

జూన్ మూడో వారంలో రెండు వానలు పడ్డాక మధుసూదన్ గారు ఫోన్ చేశారు. ఇంజిన్ వచ్చింది, మీటర్లు బిగించి ట్రయలు వేయాలి, వచ్చి ఒకసారి చూసుకోమన్నారు. నాన్న నన్ను ఒక్కదాన్నే వెళ్ళమన్నాడు. నేను వెళ్ళి పలకలో అయిదూ బిగించాను. పాత టేకు చెక్కలో ఆ అయిదు ముఖాలూ అచ్చు మొదటి రోజులాగే ఉన్నాయి. ఎవరో మెంబరు వచ్చి కొత్తవేనా అని అడిగాడు. పాతవే అని గర్వంగా చెప్పాను. తిరుమల్ డ్రైవరు సీట్లో కూర్చుని, తాళం చెవి చేతిలో పట్టుకుని, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఒడ్డు వైపు చూస్తున్నాడు.

"సార్ రాలేదా బిడ్డా?" అన్నాడు.

రాలేదన్నాను. ఆయన రాకుంటే బోటు తియ్యనన్నాడు. మధుసూదన్ గారు వాచీ చూసుకున్నారు, మబ్బు చూశారు, కోప్పడ్డారు. తిరుమల్ కదల్లేదు. చివరికి నేనే ఫోన్ చేశాను. రాణీగంజ్ నుంచి నాన్న ఆటోలో వచ్చేసరికి అరగంట పట్టింది. వచ్చి, చెప్పులు ఒడ్డున విడిచి, నా భుజం పట్టుకుని లాంచీ ఎక్కాడు. తిరుమల్ తన పక్క సీటు తుండుతో తుడిచి ఆయనకు చూపించాడు.

తిరుమల్ లాంచీని సాగర్ మధ్యకు తీసుకెళ్ళాడు. సన్నగా తుంపర పడుతోంది. ముల్లు యాభై దాటింది, డెబ్భై దాటింది, ఎనభై దగ్గరకు వచ్చి నిలబడింది. నాన్న కళ్ళు దాని మీదే ఉన్నాయి, ఆయన రెండు చేతులూ మోకాళ్ళను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. తిరుమల్ లివరు వెనక్కి లాగి వేగం తగ్గించాడు.

"చెప్పు సార్," అన్నాడు. "ఏడ ఆపాలె?"

నాన్న చెయ్యి ఎత్తి, తడి అద్దం మీద ఎరుపు మొదలైన చోట వేలు పెట్టాడు. వేలు అక్కణ్ణుంచి పక్కకు జరగలేదు.

"ఇక్కడ. ఇంకా ముందుకు పోవచ్చని ఎవరన్నా, నేనన్నా సరే, ఆపెయ్."

తిరుమల్ ఆ వేలి వైపు చూశాడు. తర్వాత నాన్న ముఖంలోకి, తొందరేం లేనట్టు చాలాసేపు చూశాడు.

"మంచిది," అని లివరు ముందుకు తోశాడు.